నాబ్ తిప్పితే స్టీరింగ్ ఏమంటుంది

ఎండిన కాంక్రీటు నేల. చుట్టుపక్కల వేరే బండ్లు లేవు. పికప్ ట్రక్కు మోడ్ మార్చే నాబ్ 4హెచ్ మీద, అంటే నాలుగు చక్రాలనూ ఇంజిన్ తిప్పే మోడ్‌లో ఉంది, స్టీరింగ్ ఒక పక్కకు చివరంటా తిప్పి ఉంది. క్లచ్ మీద కాలు మెల్లగా తీస్తే బండి కదలనని మొరాయిస్తుంది. వెనక నుంచి ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టు ఉంటుంది. ఇంకాస్త యాక్సిలరేటర్ ఇస్తే నాలుగడుగులు పోతుంది, టైర్లు కీచుమంటాయి, ముందు భాగం చిన్నగా ఎగిరిపడి మళ్లీ బిగుసుకుంటుంది. చేతిలో స్టీరింగ్ బరువెక్కిపోతుంది.

ఫోర్ బై ఫోర్ కొత్తగా కొన్నవారిలో చాలామంది ఈ క్షణంలో బెంబేలెత్తుతారు. గేర్‌బాక్స్ పోయిందేమో, బ్రేకులు పట్టేశాయేమో అని షోరూమ్‌కు ఫోన్ చేస్తారు. ఏదీ పోలేదు. ఈ నేల మీద ఈ మోడ్ వద్దని బండి చెబుతోంది, అంతే.

ఏ నేలకు ఏ మోడ్ అన్న పట్టిక బండితో పాటు ఇచ్చే మాన్యువల్‌లో ఉంటుంది. దాన్ని ఒకసారి చదివితే తలకెక్కుతుంది. చక్రం బురదలో దిగబడి, పక్కసీట్లోవాళ్లు కంగారు పడుతుంటే అదే పట్టిక గుర్తుకు రాదు. చేతులకూ నడుముకూ తెలిసిన సంగతి మాత్రం ఆ సమయంలో కూడా పని చేస్తుంది. ఏ మోడ్‌లో స్టీరింగ్ ఎలా మారుతుంది, యాక్సిలరేటర్ ఎలా స్పందిస్తుంది, సీటు కింద వెనక ఇరుసు ఏం చేస్తోంది అన్నది ఒక్కసారి ఒంటికి పట్టిందంటే, డ్రైవరు నాబ్ వైపు చూడకుండానే తానెక్కడున్నదీ చెప్పగలడు.

ముందు ఆ బిగుసుకోవడం సంగతి.

కళ్లంలో బంతి తోలడం చూసినవారికి ఇది అరనిమిషంలో అర్థమవుతుంది. గుంజ చుట్టూ వరసగా కట్టిన ఎద్దుల్లో గుంజ పక్కనున్నది ఉన్నచోటే తిరుగుతున్నట్టు చిన్న చిన్న అడుగులు వేస్తుంది. చివరనున్నది పెద్ద అంగలు వేయాలి. అన్నీ ఒకే అడుగు వేయాలని పట్టుబడితే బంతి తిరగదు, పలుపులు తెగుతాయి. మలుపు తిరిగే బండిలో నాలుగు చక్రాలదీ ఇదే కథ. ఏ రెండూ ఒకే దూరం పోవు. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య తేడాను ఇరుసులోని డిఫరెన్షియల్ సర్దుతుంది. మరి ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య తేడా?

ఆ తేడా చిన్నది కాదు. టయోటా హైలక్స్ పికప్‌నే తీసుకుంటే ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3,085 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు నడిబొడ్డు 5 మీటర్ల వ్యాసార్ధంతో ఒక చుట్టు తిరిగితే అది నడిచేది సుమారు 31.4 మీటర్లు. ముందు ఇరుసు అంతకన్నా పెద్ద వలయం మీద పోతుంది కాబట్టి దానికి పట్టేది దాదాపు 36.9 మీటర్లు. ఒక్క చుట్టుకు అయిదున్నర మీటర్ల తేడా! 2హెచ్‌లో ముందు చక్రాలను ఇంజిన్ తిప్పదు కాబట్టి అవి తమ దారిన ఎక్కువ తిరిగేస్తాయి, చిక్కేమీ ఉండదు. 4హెచ్‌కు మార్చగానే ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు షాఫ్టునూ వెనక షాఫ్టునూ ఒకటిగా కట్టేస్తుంది. ఇక రెండూ ఒకే లెక్కన తిరగాలి. ఆ అయిదున్నర మీటర్లను ఎక్కడో ఒకచోట టైరు జారి పూడ్చాలి.

బురదలో, కంకరలో, మంచులో టైరు సులువుగా జారుతుంది. డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. ఎండిన తారు మీద జారదు. అప్పుడు ఆ తేడా అంతా షాఫ్టుల్లో, గేర్లలో మెలిగా చేరుతుంది, తడిబట్టను పిండినట్టు. మెలి భరించలేనంత అయ్యాక టైరు ఒక్కసారిగా జారుతుంది, బండి ఎగిరిపడుతుంది. మొదట చూసిన ఎగురుడు అదే. తిన్నటి రోడ్డు మీద కూడా ఇది పూర్తిగా పోదు. నాలుగు టైర్లలో రెండు కొత్తవి, రెండు అరిగినవి అయితే వాటి చుట్టుకొలతలో కొద్ది మిల్లీమీటర్ల తేడా కిలోమీటర్ల కొద్దీ పేరుకుంటుంది. ఫోర్ బై ఫోర్‌కు నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలని తయారీదారులు అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

మెలి పడ్డ బండి 4హెచ్ నుంచి బయటికి రావడానికి కూడా ఒప్పుకోదు. నాబ్ 2హెచ్‌కు తిప్పినా డ్యాష్‌బోర్డు మీద లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. కర్ర ఉన్న బండ్లలో కర్ర రానే రాదు. కొత్తవాళ్లు ఇక్కడే బలం చూపిస్తారు, అది తప్పు. స్టీరింగ్ తిన్నగా పెట్టి రెండు మూడు మీటర్లు వెనక్కి పోనిస్తే చాలు. కింద ఎక్కడో ‘టక్’మని ఒక్క దెబ్బ వినిపిస్తుంది, లైటు ఆరిపోతుంది, చేతిలోని బరువు దిగిపోతుంది. ఆ ‘టక్’ తర్వాత స్టీరింగ్ తేలికపడే తీరును ఒకసారి గమనించినవారు 4హెచ్‌కూ 2హెచ్‌కూ తేడా ఏమిటో మరెవరినీ అడగరు.

రోజువారీ నడకకు 2హెచ్చే. అందులో ఇంజిన్ బలమంతా వెనక చక్రాలది, ముందు చక్రాలు దారి పట్టడానికి మాత్రమే. అందుకే స్టీరింగ్ తేలిగ్గా మాట వింటుంది. పికప్‌కు మాత్రం ఇక్కడ పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఒకటుంది. వెనక తొట్టిని టన్ను బరువు మోయడానికి కట్టారు, కింద కమాన్ కట్టలు ఆ బరువుకు తగ్గట్టే గట్టిగా ఉంటాయి. తొట్టి ఖాళీగా ఉంటే బండి బరువులో ఎక్కువ పాలు ముందు ఇరుసు మీద పడుతుంది. తిప్పే చక్రాలు వెనక, బరువు ముందు. వేసవి తర్వాత పడే తొలి జల్లులో, దుమ్మూ నూనే కలిసి రోడ్డు జిడ్డెక్కి ఉన్నప్పుడు, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కితే వెనక భాగం పక్కకు జరుగుతుంది. అది మొదట తెలిసేది కళ్లకు కాదు, నడుముకు. సీటు కింద ఏదో పక్కకు లాగినట్టు అనిపిస్తుంది, ఆ తర్వాతే ముక్కు తిరిగినట్టు కనిపిస్తుంది. అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో పికప్ యజమానులు చలికాలం రాగానే తొట్టిలో, వెనక ఇరుసుకు సూటిగా పైన, ఇసుక బస్తాలు వేసుకుంటారు. ఖర్చు లేని ఈ ఉపాయం మన వానాకాలానికీ పనికొస్తుంది, బస్తాలు కదలకుండా కట్టుకుంటే.

తడిసిన తారు రోడ్డు మీద 4హెచ్ పెట్టాలా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఇప్పటిదాకా చెప్పిన, కావాల్సినప్పుడే ముందు ఇరుసును కలిపే పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్‌లో అక్కర్లేదు. మామూలు వానకు తడిసిన తారుకు ఇంకా పట్టు ఉంటుంది, మలుపుల్లో మెలి పడేంత ఉంటుంది. అక్కడ పనిచేసేది నాబ్ కాదు, వేగం తగ్గించడం.

4హెచ్ అసలు రుచి తెలియాలంటే వాన వెలిసిన గంటకు ఎర్రమట్టి దారి ఎక్కాలి. దారి నడుమ ఎత్తుగా, రెండు పక్కలా కాలువల వైపు వాలుగా ఉంటుంది. 2హెచ్‌లో పోతుంటే వెనక చక్రాలు వాలు వైపు జారుతూ ఉంటాయి. బండి తిన్నగా పోతున్నట్టే ఉన్నా దాని ఒళ్లు ఏటవాలుగా ఉంటుంది, డ్రైవరు స్టీరింగ్‌ను క్షణానికోసారి దిద్దుకుంటూ పోవాలి. అక్కడే, చక్రాలు గిరగిర తిరగని సమయం చూసి, యాక్సిలరేటర్ మీద కాలు వదులు చేసి నాబ్ 4హెచ్‌కు తిప్పాలి. ఈనాటి పికప్‌లలో చాలావాటిలో దీనికి ఆగాల్సిన పని లేదు, తిన్నగా పోతూనే మార్చుకోవచ్చు. ఏ వేగం దాకా మార్చవచ్చో ఆ బండి మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

మార్పు మొదట స్టీరింగ్‌లో తెలుస్తుంది. కొంచెం బరువు, కొంచెం నిదానం. ఇప్పటిదాకా వెనక నుంచి నెట్టుతున్న బండిని ఇప్పుడు ముందు నుంచి కూడా ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు తోక ఊగడం తగ్గుతుంది, ఎందుకంటే అదే బలం రెండు చక్రాల బదులు నాలుగింటికి పంచబడింది, ఏ ఒక్కటీ తన పట్టుకు మించి గుంజడం లేదు. కాలు తీసినప్పుడు కూడా మేలే: ఇంజిన్ బిగింపు వెనక చక్రాల మీదే పడకుండా నాలుగింటి మీదా పడుతుంది కాబట్టి బండి కుదురుగా మెల్లబడుతుంది.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. మలుపులోకి కాస్త వేగంగా పోతే 2హెచ్‌లో జారేది ఎక్కువగా తోక. 4హెచ్‌లో ముందు చక్రాలు లాగే పనీ తిరిగే పనీ రెండూ చేయాలి. పట్టు చాలకపోతే స్టీరింగ్ తిప్పినా ముక్కు తిన్నగానే పోతుంది. అలాంటప్పుడు చేతిలో స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోతుంది. జారే నేల మీద ఆ తేలికదనం ప్రమాద సూచన. ఇంకా తిప్పితే లాభం లేదు. తిప్పింది కాస్త వెనక్కి తీసి, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా వదులు చేస్తే ముందు టైర్లు మళ్లీ నేలను పట్టుకుంటాయి.

నల్లరేగడి వేరే లోకం. తడిసిన రేగడి టైరు గాళ్లలో ఇరుక్కుని, రెండు చుట్లు తిరిగేసరికి టైరును నున్నటి ముద్దగా మార్చేస్తుంది. అలాంటి నాలుగు ముద్దలను తిప్పినా రెండింటిని తిప్పినా పెద్ద తేడా ఉండదు. చక్రం తిరిగే చప్పుడు వస్తూ బండి కదలకపోతే, మోడ్‌లు మార్చి చూడటం కన్నా ఆగడం మంచిది. ఒక పూట ఎండ కాస్తే ఆ నేలే దారి ఇస్తుంది. దీన్ని ఓటమి అనుకోనవసరం లేదు, రేగడి తెలిసిన ప్రతి రైతూ ఇదే చేస్తాడు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈ అధ్యాయంలో ప్రాణాలతో ముడిపడింది ఇదొక్కటే. ఫోర్ బై ఫోర్ బండి బయల్దేరడానికి, ఎక్కడానికి సాయపడుతుంది. ఆగడానికి కాదు. బ్రేకులు అన్ని బండ్లలోనూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. పట్టు లేని నేల మీద బ్రేకు తొక్కితే ఏ మోడ్‌లో ఉన్నా ఆగే దూరం దాదాపు ఒకటే.

2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఫోర్ట్‌వర్త్ నగరంలో ఐ-35డబ్ల్యూ హైవే మీద జరిగిన ఘోరం దీనికి సాక్ష్యం. మంచువాన పడి రోడ్డు మీద కంటికి కనిపించని గాజుపొరలా గడ్డకట్టింది. ఒకదాని మీద ఒకటిగా దాదాపు 130 వాహనాలు గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. కార్లు, పికప్‌లు, పెద్ద లారీలు అన్నీ ఆ కుప్పలో ఉన్నాయి. వేలాది తెలుగు కుటుంబాలు ఉండే డాలస్-ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలో పికప్ కొనుక్కోవడం మామూలు సంగతి, మంచు మాత్రం ఏడాదికి ఏవో కొద్ది రోజుల ముచ్చట. అలాంటి చోట 4హెచ్ పెట్టుకున్న డ్రైవరుకు బండి చక్కగా బయల్దేరుతుంది, చక్కగా వేగం అందుకుంటుంది. పక్క కార్లు జారుతుంటే తనది జారదు. నేల ఎంత నున్నగా ఉందో చెప్పాల్సిన సూచనలన్నీ దాంతో మాయమవుతాయి. మొదటిసారి బ్రేకు తొక్కినప్పుడే నిజం తెలుస్తుంది.

లెక్క వేసి చూస్తే భయం వేస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఎండిన తారు మీద బ్రేకు వేశాక ఆగడానికి సుమారు 36 మీటర్లు పడితే, ఘర్షణ దానిలో ఏడో వంతుకు పడిపోయే మంచుగడ్డ మీద అదే బండికి 250 మీటర్లు కావాలి. నాబ్ ఎటు తిప్పినా ఈ అంకె మారదు. కాబట్టి జారే రోడ్డు ఎక్కిన కొత్తలోనే, వెనక ఎవరూ లేరని చూసుకుని, నడక వేగంలో ఒకసారి బ్రేకు తొక్కి చూడాలి. పెడల్ కింద ఏబీఎస్ గరగరమని కొట్టుకుంటే నేల ఎలాంటిదో కాలికి తెలిసిపోతుంది. ఆ రోజు వేగం ఎంతన్నది దాన్ని బట్టే నిర్ణయించుకోవాలి.

కొన్ని బండ్లలో 2హెచ్‌కూ 4హెచ్‌కూ మధ్య 4ఏ లేదా ఆటో అన్న గుర్తు ఉంటుంది. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 పై శ్రేణుల్లో, షెవ్రొలే సిల్వరాడోలో ఇది దొరుకుతుంది. ఇందులో ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల షాఫ్టులను గట్టిగా కట్టేయకుండా క్లచ్ పలకలు ఉంటాయి. వెనక చక్రం జారగానే అవి బిగిసి ముందుకు బలం పంపుతాయి, పట్టు దొరకగానే వదులవుతాయి. ఎండిన రోడ్డు మీదా వాడుకోవచ్చు. అనుభూతిలో తేడా ఒక్క క్షణం ఆలస్యం: వెనక చక్రం కొంచెం జారిన తర్వాతే ముందు నుంచి లాగుడు వస్తుంది, అదీ కొన్నిసార్లు చిన్న కుదుపుతో. మిత్సుబిషి 1991లో పజేరోలో తెచ్చిన సూపర్ సెలెక్ట్ దారి వేరు. అందులో ముందు, వెనక ఇరుసుల మధ్యే ఒక డిఫరెన్షియల్ ఉంటుంది, కావాలంటే దానికి తాళం వేసుకోవచ్చు. 1970లో వచ్చిన రేంజ్ రోవర్ అసలు 2హెచ్ అన్నదే లేకుండా ఎప్పుడూ నాలుగు చక్రాలతోనే నడిచింది, మధ్య డిఫరెన్షియల్ పుణ్యమా అని. తారు, మంచు, మళ్లీ తారు అంటూ గంటకోసారి నేల మారే చోట బతికేవారికి ఇలాంటి ఏర్పాటుకు పెట్టే అదనపు డబ్బు దండగ కాదు. మన పొలం దార్లకు మామూలు పార్ట్‌టైమ్ చాలు.

ఇక 4ఎల్, అంటే నాలుగు చక్రాలతో లో-రేంజి.

ఒకప్పుడు కలెక్టర్లు, పోలీసులు, తహసీల్దార్లు తిరిగిన జీపు లోపల తొంగి చూసినవారికి నేల మీద మూడు కర్రలు గుర్తుండే ఉంటాయి. ఒకటి గేర్ల కర్ర. దాని పక్కన పొట్టివి రెండు: ఒకటి ముందు ఇరుసును కలపడానికి, రెండోది హై-లో మార్చడానికి. 1941 నాటి విల్లీస్ జీపు నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. మహీంద్రా 1947లో ఈ జీపులను మన దేశానికి తెచ్చినప్పుడు ఆ కర్రలూ వచ్చాయి. ముందు ఇరుసును కలపనిదే లో పడదు. అంత బలం ఒక్క వెనక ఇరుసు మీద పడితే విరుగుతుందని ఆ కట్టుబాటు. ఇప్పటి పికప్‌లో నాబ్‌ను 4హెచ్ దాటించి గానీ 4ఎల్‌కు తిప్పలేకపోవడం ఆ పాత కట్టుబాటు కొనసాగింపే.

ట్రాక్టర్ తోలినవారికి 4ఎల్‌ను కొత్తగా నేర్పాల్సిన పని లేదు. దమ్ము చేసేటప్పుడు లో, రోడ్డెక్కాక హై అన్నది వాళ్ల చేతికి అలవాటే. పికప్‌లోనూ అంతే. హైలక్స్ లో-రేంజి నిష్పత్తి 2.566. అంటే 4హెచ్ ఒకటో గేరులో, యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్ మీద గంటకు 7 కిలోమీటర్లు పోయే బండి అనుకుంటే, 4ఎల్‌లో అదే గేరులో 3 కిలోమీటర్లు కూడా పోదు, చక్రాల దగ్గర బలం మాత్రం రెండున్నర రెట్లు. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ఇది 4 రెట్లు. విల్లీస్ జీపులో దాదాపు రెండు రెట్లు ఉండేది.

మార్చడానికి బండిని ఆపి, న్యూట్రల్‌లో పెట్టి నాబ్ తిప్పాలి. లైటు మిణుకుమనడం ఆగి నిలకడగా వెలిగేదాకా ఓపిక పట్టాలి. కింద గేర్లు పడిన చప్పుడు గట్టిగానే వినిపిస్తుంది. చాలా బండ్లలో జారుడును అదుపు చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది, ఆ లైటు వెలిగిందని గాభరా పడకూడదు.

మొదటిసారి 4ఎల్‌లో కదిలినవారికి తగిలేది ఇంజిన్ హోరుకూ బండి నడకకూ పొంతన లేకపోవడం. శబ్దం చూస్తే హైవే, పక్కకు చూస్తే నడిచిపోయే మనిషి దాటిపోతున్నాడు. ఒకటో గేరు ఇలా అందుకోగానే అలా అయిపోతుంది, రెండో గేరుతో బయల్దేరడమే హాయిగా ఉంటుంది. యాక్సిలరేటర్ పెడల్ కింద చాలా చోటు దొరికినట్టు అనిపిస్తుంది. 4హెచ్‌లో బొటనవేలు ఒక్క రవ్వ ఎక్కువ నొక్కితే ఎగిరి దూకే బండి, ఇక్కడ అంగుళం నొక్కితే అంగుళం కదులుతుంది. బండరాయి మీదికి చక్రం ఎక్కించి, అవతలికి మెత్తగా దించాలంటే కావాల్సింది ఈ నిదానమే. 4ఎల్ బలం కోసమని అందరూ అనుకుంటారు. దాన్ని రోజూ వాడేవారికి మాత్రం దాని విలువ అదుపులోనే ఎక్కువ కనిపిస్తుంది.

దిగుడులో ఇది మరీ స్పష్టం. గుట్ట మీంచి రాళ్లూ మట్టీ కలిసిన నిటారు దారిలో దిగాలి. అలవాటు కొద్దీ కాలు బ్రేకు మీదికి పోతుంది. బ్రేకు గట్టిగా పడితే ముందు చక్రాలు ఆగిపోయి రాళ్ల మీద జారతాయి, జారే చక్రం దారి పట్టదు. 4ఎల్ ఒకటో గేరులో పెట్టి, క్లచ్ పూర్తిగా వదిలి, రెండు కాళ్లూ పెడళ్లకు దూరంగా నేల మీద పెట్టేస్తే బండి ఇంజిన్ బిగింపు మీద తనంతట తాను దిగుతుంది, ఎవరో వెనక నుంచి మోకు పట్టుకుని దించుతున్నట్టు. మొదటి పది అడుగులు గుండె దడదడలాడుతుంది. కాలు ఊరికే ఉండనంటుంది. ఆ తర్వాత ఇంజిన్ ఒకే శ్రుతిలో గుర్రుమంటూ దిగుతుంటే, స్టీరింగ్ చివరి రాయి దాకా మాట వింటుంటే, డ్రైవరు భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. దీన్ని మొదట చిన్న వాలు మీద, తెలిసినవారు పక్కన ఉండగా నేర్చుకోవాలి. క్లచ్ మధ్యలో తొక్కడం మాత్రం చేయకూడదు. తొక్కితే ఆ మోకు తెగినట్టే, బండి ఒక్కసారి వేగమందుకుంటుంది.

4ఎల్ సరిపడని నేల ఉంది: ఇసుక. ఏటి ఇసుకలో, సముద్రపు ఒడ్డున ఆగకుండా సాగే ఊపు కావాలి, ఎక్కువసార్లు 4హెచ్చే సరైనది. 4ఎల్ ఒకటో గేరు అక్కడ చక్రాన్ని తిప్పి తిప్పి గొయ్యి తవ్వుతుంది. టైర్లలో గాలి 18–20 పీఎస్ఐకి దించితే నేలను తాకే భాగం పొడవెక్కి బండి ఇసుక మీద తేలుతుంది. స్టీరింగ్ అప్పుడు పడవ చుక్కానిలా ఆలస్యంగా స్పందిస్తుంది, గట్టి మలుపులు తిప్పకూడదు. రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపుకోవడం తప్పనిసరి.

నాలుగు చక్రాల మోడ్‌లో ఉన్నా బండి దిగబడటం చూసి కొందరు మోసపోయామనుకుంటారు. డిఫరెన్షియల్ స్వభావం అది. ఒక పక్క చక్రం గాల్లో ఉంటే అదే తిరుగుతుంది, నేల మీదున్నది బద్ధకంగా ఊరుకుంటుంది. ట్రాక్టర్‌లో మడమ దగ్గరుండే డిఫ్‌లాక్ పెడల్ దీనికే. హైలక్స్ వంటి పికప్‌లలో వెనక ఇరుసుకు అదే పని చేసే మీట ఉంటుంది. నొక్కితే రెండు చక్రాలూ ఒకటిగా తిరిగి బండి గొయ్యిలోంచి లేస్తుంది. తాళం పడ్డ ఇరుసు మాత్రం తిన్నగా పోవాలనే చూస్తుంది, స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు మొండికేస్తుంది. గొయ్యి దాటగానే తీసేయాలి.

ఈ కర్రలూ షాఫ్టులూ ఏవీ లేని ట్రక్కులు కూడా వచ్చేశాయి. 2021లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన రివియన్ ఆర్1టీ పికప్ తొలి మోడల్‌లో చక్రానికో మోటారు ఉంటుంది. ముందుకూ వెనక్కూ మధ్య కట్టు లేదు కాబట్టి మెలి అన్న మాటే లేదు, కాంక్రీటు మీద చుట్టు తిప్పినా టైరు మూలగదు.

మన దగ్గర ఇంకొన్నేళ్లు నాబ్‌దే రాజ్యం. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌లోనైనా, కర్ర ఉన్న మహీంద్రా థార్‌లోనైనా పార్ట్‌టైమ్ పద్ధతే. వీటిలో ఏది చేతికొచ్చినా మొదటి నెలలో ఒక ఉదయం ఇందుకోసం కేటాయించాలి. వాన పడి వెలిసిన మట్టి మైదానం, లేదా రాకపోకలు లేని ఎర్రమట్టి దారి చాలు. పాటలు ఆపేసి అద్దాలు దించుకోవాలి. ఒకే మలుపును, ఒకే మెల్లటి వేగంతో, ముందు 2హెచ్‌లో, తర్వాత 4హెచ్‌లో, తర్వాత 4ఎల్‌లో తిరగాలి. ప్రతి చుట్టులోనూ గమనించేది ఒక్కదాన్నే. మొదటిసారి స్టీరింగ్ బరువు, రెండోసారి సీటు కింద తోక కదలిక, మూడోసారి ఇంజిన్ శబ్దం. అన్నీ ఒకేసారి పట్టుకోవాలని చూస్తే ఏదీ దొరకదు. దిగి టైర్ల జాడలు చూడటం కూడా పాఠమే: 2హెచ్ చుట్టులో వెనక చక్రాలు గీరిన గుర్తులు వెడల్పుగా చెదిరి ఉంటాయి, 4హెచ్ చుట్టులో జాడలు బిగువుగా ఉంటాయి.

ఆ ఉదయం తర్వాత కూడా నాబ్‌ను తుప్పు పట్టనివ్వకూడదు. తమ ఫోర్ బై ఫోర్ బండ్లను నెలకు కనీసం 16 కిలోమీటర్లు నాలుగు చక్రాల మీద నడపమని టయోటా మాన్యువళ్లు చెబుతాయి, ముందు ఇరుసులోని భాగాలకు నూనె అందడం కోసం. ఎండిన తారు మీద కుదరదు కాబట్టి దానికి వాన పడ్డ మట్టి దారి వెతుక్కోవాలి. ఊరికి పోయినప్పుడు పొలం దాకా వెళ్లి వస్తే సరిపోతుంది. తారు రోడ్డు ఎక్కే ముందు నాబ్ 2హెచ్‌కు తిప్పి, స్టీరింగ్ తిన్నగా ఉంచి, ఆ ‘టక్’ వినిపించేదాకా మెల్లగా పోనివ్వాలి.